నాయన కారులో టెంపరేచర్ ముల్లు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ వృత్తిలో సాధించిన విజయాల గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా కరెంటు ఉత్పత్తి చేసే ప్లాంటుల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. అంటే ఆవిరి ఎంత వేడిగా ఉంది, ఆయిల్ ఎంత వేడిగా ఉంది, బేరింగు ఎంత వేడిగా ఉంది అని కొలిచే పని. అందులో పావుగంటకు సరిపడా విజయాలేవీ నాకు దొరకలేదు. ఒక తప్పు మాత్రం ఉంది. అది పావుగంటకు సరిపోతుంది. ప్లాంటులో చేసింది కాదు, మా నాయన కారు విషయంలో చేసింది.

ముందు మన సైన్సు ల్యాబు సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో నీటి మరుగు స్థానం కనుక్కునే ప్రయోగం. మా సైన్సు సారు పేరు చెప్పనక్కర్లేదు, మీ అందరికీ తెలుసు, ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు. బీకరులో నీళ్ళు, కింద స్పిరిట్ దీపం, థర్మామీటరు. నీళ్ళు తెర్లుతున్నాయి. నేను రికార్డులో 100 డిగ్రీలు అని రాసేశాను. నా పక్కవాడూ అంతే, వాడి పక్కవాడూ అంతే. ఆడపిల్లల బెంచీలో ఒకమ్మాయి మాత్రం 97.5 అని రాసి, తన థర్మామీటరు చెడిపోయిందని, మార్కులు పోతాయని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సారు నా రికార్డు చేతిలోకి తీసుకుని, "పుస్తకం చూసి రాశావా, గాజు చూసి రాశావా?" అని అడిగారు. నేను నోరెత్తలేదు. ఆయన ఆ అమ్మాయి థర్మామీటరు తీసుకుని, సోడా అంగడి నుంచి ఐసు తెప్పించి, దాన్ని చితక్కొట్టించి అందులో పెట్టారు. పాదరసం సున్నా దగ్గర నిలబడింది. మళ్ళీ మరిగే నీళ్ళలో పెట్టారు. 97, 98 మధ్య ఆగింది. ఇంకో రెండు థర్మామీటర్లు పెట్టారు. అవీ అక్కడే. "ఐసులో నిజం చెప్పింది కదా, మరిగే నీళ్ళలో మాత్రం అబద్ధం ఎందుకు చెబుతుంది?" అని మా అందరి వంకా చూశారు. మన మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉందని, ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుందని, ఒత్తిడి తగ్గితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయని అప్పుడు చెప్పారు. మూడు వందల మీటర్లకు ఒక డిగ్రీ లెక్కన వేసుకోండి, సరిగ్గా అక్కడికే వస్తుంది. తరగతి మొత్తంలో నిజం రాసింది ఆ అమ్మాయి ఒక్కతే.

ఆ పాఠం నాకు బాగా ఎక్కిందనే అనుకున్నాను. ఆ పాఠం వల్లే ఈ వృత్తిలోకి వచ్చానని ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాను కూడా.

ఇప్పుడు కారు. నాయన రిటైరయ్యాక, 1999లో, ఒక మారుతి 800 సెకండ్ హ్యాండులో కొన్నారు. 1993 మోడలు, తెల్లది, కార్బురేటర్ బండి. ఆ కాలం బండి నడిపినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, స్పీడు మీటరు పక్కన పెట్రోలుకో ముల్లు, ఇంజను వేడికో ముల్లు. నాయన రోజూ పొద్దున దాన్ని తుడిచేవారు. కొడుకునైన నాకు తాళాలు ఇచ్చేటప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు జాగ్రత్తలు చెప్పేవారు.

2007 సంక్రాంతికి ఇంటికొచ్చాను. కనుమ నాడు అందరం హార్స్‌లీ హిల్స్ పోయి, చీకటి పడే వేళకు దిగుతున్నాం. స్టీరింగు నా చేతిలో ఉంది. లైట్లు వేశాను. కాసేపటికి టెంపరేచర్ ముల్లు సగం దాటి ఎర్రగీత వైపు నడవడం మొదలుపెట్టింది. జనవరి చలి, పైగా దిగుడు. ఆ దారిలో ఇంజను వేడెక్కడానికి కారణమే లేదు. అప్పుడే పెట్రోలు ముల్లు మీద కన్ను పడింది. సగం ట్యాంకు ఉండాల్సింది ముప్పావు చూపిస్తోంది. లైట్లు ఆర్పి చూశాను. రెండు ముళ్ళూ మెల్లగా వెనక్కి వచ్చాయి. మళ్ళీ వేశాను. మళ్ళీ పైకి.

"నాయనా, మీ కారులో లైట్లు వేస్తే పెట్రోలు పెరుగుతోంది" అన్నాను. అందరం పడీపడీ నవ్వాం.

ఆ రాత్రి అన్నం తింటూ విషయం చెప్పాను. "ఇంజనుకేం కాలేదు, మీటరుకే జబ్బు. దాన్ని పట్టించుకోవద్దు. ఈసారి వచ్చినప్పుడు చూస్తాను." మరుసటి రోజు పొద్దున బస్సెక్కాను.

రోగం కనిపెట్టడంలో నేను తప్పు చేయలేదు. అది మీటరు జబ్బే. కానీ మందు వేయకుండా బస్సెక్కాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. లైట్లు వేసినప్పుడు మాత్రమే అలా అవుతుంది, పగలు ముల్లు పైకి పోతే మాత్రం బండి ఆపాలి అన్న రెండో ముక్క నేను చెప్పానా? చెప్పాననే ఇన్నేళ్ళూ అనుకున్నాను. మా అమ్మ మాత్రం చెప్పలేదనే అంటుంది.

మే నెలలో నాయన, అమ్మ తిరుపతిలో ఒక పెళ్ళికి పోయి మధ్యాహ్నం బయలుదేరారు. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కుతున్నారు. ఆ ఎండ మీకు తెలుసు. ముల్లు ఎర్రగీతలోకి పోయింది. అమ్మ చూసి చెప్పింది. నాయన "వాడు చూశాడు కదా, మీటరు జబ్బు" అన్నారు. ఇంకో రెండు మలుపులు ఎక్కారు. అప్పుడు ముల్లు దానంతట అదే కిందికి దిగింది. సగానికి వచ్చింది, ఇంకా కిందికి పోయింది. "చూశావా, దానికదే తగ్గింది" అన్నారట. ఆ తర్వాత ఐదు నిమిషాలకు ఇంజను టకటకమని మొత్తుకుని ఆగిపోయింది.

ముల్లు ఎందుకు దిగిందో ఇక్కడ చెప్పి తీరాలి. ఈ సభలో ఇరవై మందైనా పాత కార్లు నడిపేవాళ్ళుంటారు. రేడియేటర్ కింది హోస్ పైపు పగిలి నీళ్ళన్నీ కారిపోయాయి. ఇంజను మీద బిగించిన సెన్సార్ కొలిచేది తన చుట్టూ ఉన్న నీళ్ళ వేడిని. ఇంజను ఇనుముకు ఎంత వేడెక్కిందో దానికి సూటిగా తెలియదు. నీళ్ళున్నంతసేపూ ముల్లు నిజమే చెప్పింది. నీళ్ళు పోయి సెన్సార్ ఖాళీ గాలిలో మిగిలాక, కొలవడానికి దాని చుట్టూ ఏమీ లేక ముల్లు పడిపోయింది. ఇంజను కాలిపోతున్నప్పుడే మీటరు చల్లగా ఉందని చూపించింది. ఎర్రగీతలోకి పోయిన ముల్లు, మీరు ఏమీ చేయకుండానే దిగివస్తే సంతోషించకండి. అక్కడికక్కడే బండి ఆపండి.

ఘాట్లో ఒక లారీ డ్రైవరు ఆగాడు. నాయన సీసాలో నీళ్ళు పోయబోతే, "ఆగండి సామీ, కాలిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగులుతుంది" అని చేయి పట్టుకున్నాడట. రేడియేటర్ మూతా ముట్టుకోనివ్వలేదట. ఆ మనిషి ఎవరో మాకు తెలియదు. మూత కింద ఒత్తిడిలో ఉన్న నీళ్ళు 115 డిగ్రీలు దాటినా మరగవు, మూత తీసిన మరుక్షణం ఆవిరై మొహం మీదికి ఎగదన్నుతాయి. అంతకు ముందే సగం ఖాళీ అయిన రేడియేటర్ అయినా సరే, లోపల మిగిలిన కాస్త చాలు. నాకు ఫోన్లో ఈ విషయాలన్నీ చెప్పగల చదువుంది, కానీ ఘాట్లో సిగ్నల్ లేదు. అమ్మానాయన సాయంత్రం దాకా రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చున్నారు. నాయనకు అప్పటికే బీపీ. ఆ రోజు ఆయనకేమీ కాలేదు. ఆ మాట అనుకోవడానికి కూడా నాకు ఇప్పటికీ కొంచెం ధైర్యం కావాలి.

పీలేరు నుంచి మెకానిక్ వచ్చి ఆయిల్ స్టిక్ తీశాడు. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్ళు నూనెలో కలిశాయి. హెడ్డు వంగింది, లేతు మీద చదును చేయించాల్సి వచ్చింది. డబ్బు పోయిందని నాయన ఒక్క మాట అనలేదు. ఫోన్లో ఒకటే అన్నారు: "నువ్వే కదరా ముల్లుకు జబ్బని చెప్పింది."

మా ప్లాంటులో వేడిని కొలిచే థర్మోకపుల్ తీగ తెగితే రీడింగు కిందికి పడిపోనివ్వం. తీగ తెగగానే రీడింగు పై చివరికి పోయి అలారం మోగేటట్టు అమర్చుకుంటాం. కొలత పోయింది అన్న సంగతి, అంతా చల్లగా ఉంది అన్నట్టు కనపడకూడదని. ఇలాంటివి రోజూ నా చేతుల మీదుగా బిగించిన మనిషిని. మా నాయన కారుకు మాత్రం, అలారం మోగితే పట్టించుకోవద్దని చెప్పి వచ్చాను.

వారం సెలవు పెట్టి వచ్చాను. ఇంజను పని మెకానిక్ చేశాడు. మీటరు పని నేను ఎవరికీ ఇవ్వలేదు. అప్పటికే ఆయన కొత్త థర్మోస్టాట్ వేసి, సెన్సార్ కూడా మార్చి, దాని మరలకు తెల్ల టేపు మందంగా చుట్టి బిగించాడు. నీళ్ళు కారకుండా అని. ఆ సెన్సారుకు ఒకటే తీగ, దాని రెండో కొస ఇంజను ఇనుమే. మరల మీద అంత టేపు చుడితే ఆ ఇనుముతో సంబంధం సరిగ్గా ఉండదు, ముల్లు తక్కువ చూపిస్తుంది. టేపు విప్పించి మళ్ళీ బిగించాం. ఇంత చేసినా లైట్లు వేస్తే ముల్లు లేస్తూనే ఉంది. భాగాలు మార్చుకుంటూ పోవడం రోగం వెతకడం కాదని నాకు ఆ మెకానిక్ మీద కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆయన కనీసం ఏదో ఒకటి మార్చాడు, నేను అదీ చేయలేదు.

పాత సెన్సార్ను వంటింట్లోకి తీసుకుపోయాను. అమ్మ పాత గిన్నె ఒకటి ఇచ్చింది. గిన్నెలో నీళ్ళు, అందులో దారం కట్టిన సెన్సార్, పక్కన థర్మామీటరు, స్టౌ మీద పెట్టి మల్టీమీటరుతో ఓములు చూస్తూ కూర్చున్నాను. ఈ సెన్సార్లలో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. చేయి పెట్టలేనంత వేడికి ముందు నూరు ఓములు దాటి ఉన్నది, నీళ్ళు మరిగేసరికి ముప్ఫైకి అటూఇటూ దిగింది. ఎక్కడా ఎగిరి దూకలేదు, మెట్టు మెట్టుగా దిగింది. అంటే సెన్సార్ మంచిదే. థర్మామీటరు ఎంత చూపించిందో మీకు చెప్పక్కర్లేదు. 98 దగ్గర ఆగింది. వంటింట్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఇక కారు దగ్గర. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పి సెన్సార్ తీగ ఊడదీశాను. ముల్లు చల్లటి చివర పడుకుంది. అలాగే ఉండాలి. ఆ తీగను ఒక చిన్న బల్బు ద్వారా ఇంజనుకు తగిలిస్తే ముల్లు వేడి వైపు లేచింది. సూటిగా ఇనుముకు ఆనించినా లేస్తుంది గానీ ఎక్కువసేపు ఉంచితే మీటరు కాలే ప్రమాదం ఉంది, బల్బు పెడితే ఆ భయం ఉండదు. రెండు వైపులా ముల్లు కదిలిందంటే మీటరూ తీగా బతికే ఉన్నాయి. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే సగం ఖర్చు తప్పుతుంది. ముల్లు అసలు లేవకపోతే తీగ తెగిందో మీటరు పోయిందో చూడాలి, తీగ ఊడదీసినా దిగకపోతే తీగ ఎక్కడో ఇనుముకు తగులుతోందని చూడాలి. మా బండిలో ఈ రెండూ కావు.

మిగిలింది పెట్రోలు పెరగడం. సంక్రాంతికి అందరం నవ్విన ఆ సంగతిలోనే జవాబు ఉంది. పెట్రోలు సెన్సార్ వెనక ట్యాంకులో, వేడి సెన్సార్ ముందు ఇంజనులో. రెండింటికీ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. రెండు ముళ్ళూ ఒకేసారి ఒకే వైపు అబద్ధం చెప్పాయంటే, తప్పు వాటిద్దరికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉండాలి. ఉమ్మడిగా ఉన్నవి రెండే. మీటర్లకు వచ్చే కరెంటు, మీటర్ల నుంచి బాడీకి పోయే ఎర్త్. ఇంగ్లండు పాత కార్లలో ఈ రెండు మీటర్లకూ కలిపి 10 వోల్టులిచ్చే చిన్న స్టెబిలైజర్ డబ్బా ఉండేది, దాని ఎర్త్ పోతే రెండు ముళ్ళూ పైకి లేస్తాయని ఆ కార్లు బాగుచేసేవాళ్ళందరికీ తెలుసు. బండి వేరైనా లెక్క అదే.

మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస మీటర్ల వెనకున్న ఎర్త్ తీగ మీద. లైట్లు ఆర్పితే దాదాపు సున్నా. లైట్లు వేస్తే ఒక వోల్టు దాటింది. అక్కడ వోల్టులో పదో వంతు కన్నా ఎక్కువ ఉండకూడదు. డాష్‌బోర్డు బల్బుల కరెంటు కూడా ఆ ఎర్త్ దారినే బయటికి పోవాలి. దారి ఇరుకైంది. కాలవ పూడితే మురుగు నీళ్ళు ఇంట్లోకి ఎగదన్నినట్టు, మీటర్ల కింద వోల్టేజి పైకి లేచి, దాంతోపాటు రెండు ముళ్ళనీ లేపింది.

డాష్‌బోర్డు కింద పడుకుని టార్చి వేసి వెతికితే ఎర్త్ స్క్రూ దొరికింది. ఒకప్పుడు ఎవరో బండికి రంగు వేయించినట్టున్నారు. స్క్రూ కింద రంగు, రంగు కింద తుప్పు. ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, తీగ కొసన రింగు రుద్ది, స్క్రూ బిగించాను. పది నిమిషాల పని. గరుకు కాగితం రెండు రూపాయలు. ఇది నేను కనుమ మరుసటి రోజు పొద్దున బస్సుకు ముందు చేయగలిగిన పని.

నాయనను పిలిచాను. ఆయన లుంగీ మీదే వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఇంజను స్టార్ట్ చేసి, లైట్లు వేశారు. ముల్లు కదల్లేదు. ఆర్పారు. వేశారు. మూడుసార్లు చూశాక తల బయటికి పెట్టి, "పెట్రోలు పెరగడం లేదురా ఇప్పుడు" అన్నారు. మే నెలలో ఘాట్లో ఆగాక ఆయన నాతో నవ్వుతూ మాట్లాడింది అదే మొదటిసారి.

ఆ కారును ఆయన ఇంకో ఆరేళ్ళు నడిపారు. ఎక్కడికి పోయినా కిలోమీటరుకోసారి ముల్లు చూసేవారని అమ్మ విసుక్కునేది. నాయన 2015లో పోయారు. కారు ఇంటి వెనక షెడ్డులో ఉంది, సెలవులకు వస్తే స్టార్ట్ చేస్తాను. ఇప్పటి కొత్త కార్లు చాలావాటిలో ఆ ముల్లే లేదు, నీలం బల్బు, ఎర్ర బల్బు. ముల్లున్న వాటిలో కూడా మామూలు వేడిలో కొంచెం అటూఇటూ అయినా మధ్యనే నిలిచేటట్టు ముందే అమర్చి పెడుతున్నారు, నడిపేవాళ్ళు కంగారుపడకుండా. నాకు అది నచ్చదు. మా పిల్లలు నా మాట వినరు.

చివరగా ఒక సంగతి. నిన్న సాయంత్రం సారును చూడడానికి ఇంటికి వెళ్ళాను. ఈ కథంతా చెప్పాను. అంతా విని, "మీ బ్యాచికి ఒక మాట బాకీ ఉన్నానురా" అన్నారు. మమ్మల్ని స్టౌతో సహా హార్స్‌లీ హిల్స్ తీసుకుపోయి, అక్కడ నీళ్ళు ఇంకా తక్కువకు మరుగుతాయని చూపిద్దామనుకున్నారట. ఆ ఏడాది బస్సు కుదరలేదట. ఆ కొండ 1265 మీటర్లు. లెక్క ప్రకారం 96కు కాస్త కింద రావాలి.

మా బ్యాచ్ తరఫున బడి ల్యాబుకు పది మల్టీమీటర్లు, ఇరవై థర్మామీటర్లు, ఒక చిన్న గ్యాస్ స్టౌ ఇస్తున్నాం. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలను బస్సులో హార్స్‌లీ హిల్స్ తీసుకుపోయే ఖర్చు కూడా మాదే. తేదీ ప్రధానోపాధ్యాయులు గారు ప్రకటిస్తారు. సారు తానూ వస్తానన్నారు. ముందు సీటు ఆయనకే. అక్కడ స్టౌ వెలిగించాక ఎంత వచ్చిందో పిల్లలు రాసి చూపించేదాకా, 96 అని నేను అన్న మాట దయచేసి ఎవరూ వాళ్ళకు చెప్పకండి.